బేరం లేని వారం

నాకు కోపం ఎక్కువ. ఇంట్లో ఎవరైనా ఈ మాట అంటే ఒప్పుకోను గానీ, ఇన్నేళ్ళు నా ఉద్యోగం నిలబడింది ఆ కోపం మీదే. తెనాలిలో కాలవగట్టుకు దగ్గరగా ఒక చిన్న ఫౌండ్రీ ఉంది. ఇనుము కరిగించి ఫుట్‌వాల్వులు పోతపోస్తారు. నీళ్ళ మోటారు పైపు అడుగున బిగించే వస్తువు అది. మోటారు తిరుగుతుంటే తెరుచుకుని నీళ్ళను పైకి పోనిస్తుంది, మోటారు ఆపగానే మూసుకుని, ఎక్కిన నీళ్ళను కిందికి జారనివ్వదు. పొలం ఉన్నవాళ్ళకూ రొయ్యల చెరువు ఉన్నవాళ్ళకూ తప్ప మిగతావాళ్ళకు దాని మొహం కూడా తెలియదు. దాన్ని ఊరూరా కొట్ల వాళ్ళకు అమ్మిపెట్టడం నా పని. అమ్మడమంటే బేరమాడటం. నాకు ఇంకో పని రాదు.

రేపల్లెలో ఒక కొట్టాయన ఉన్నాడు, నా ఈడువాడే. నేను రేటు చెప్పగానే గుండె పట్టుకుని కుర్చీలో కూలబడేవాడు. కాసేపటికి తేరుకుని తన రేటు చెప్పేవాడు. అది వింటే నాకు నిజంగానే ఒళ్ళు మండేది. "మీకిచ్చే బదులు కాలవలో పారేసుకుంటానండి" అని శాంపిలు సంచీలో పడేసుకుని మెట్లు దిగేవాణ్ణి. నేను పక్క కొట్టు దాటేదాకా ఊరుకుని అప్పుడు కేకేసేవాడు, "టీ చల్లారిపోతోందండోయ్" అని. టీ అప్పటికింకా చెప్పే ఉండడు. మళ్ళీ వెళ్ళి కూర్చునేవాణ్ణి. తెనాలి బండి టైమయ్యేసరికి రేటు ఎక్కడ ఆగాలో అక్కడే వచ్చి ఆగేది. అది ఎక్కడ ఆగుతుందో పొద్దున్న నేను బండెక్కేటప్పుడే మా ఇద్దరికీ తెలుసు. తెలిసినా ఆ తతంగం లేకుండా సరుకు తీసుకుంటే ఆయనకు అన్నం సయించేది కాదు, నాకూ అంతే.

బాపట్ల ఆయన తీరు వేరు. పైపులు, మోటార్ల కొట్టు ఆయనది. లూథరన్ చర్చిలో సంఘ పెద్ద. కొట్టు గోడ మీద రోజుకో వాక్యం ఉండే క్యాలెండరు, దాని కింద మోటారు కంపెనీవాళ్ళ గడియారం. నాకంటే పెద్దవాడు కాబట్టి నేను అన్నగారూ అనేవాణ్ణి, ఆయన నన్ను తమ్ముడూ అనేవాడు. గొంతు పెంచడం ఆయనకు రాదు. వాల్వు చేతిలోకి తీసుకుని, లోపలి రేకును వేలితో కిందా మీదా ఆడించి, చెవి దగ్గర పెట్టుకుని విని, బల్ల మీద నెమ్మదిగా పెట్టి నిట్టూర్చేవాడు. "ఏంటి తమ్ముడూ, ఇది ఇనుమా, బంగారమా?" అనేవాడు. అక్కణ్ణించి మొదలు. పిట్టలవానిపాలెం నుంచి వచ్చిన రైతులు కూడా తమ పని మానేసి మా బేరం వింటూ నిలబడేవారు. నేను అరుస్తుంటే ఆయన నవ్వుతూ ఉండేవాడు, ఆ నవ్వుకే నేను తగ్గేవాణ్ణి. ఆ మనిషితో బేరమాడి వచ్చిన రోజు మనసు తేలిగ్గా ఉండేది. ఈ మాట ఆయనతో ఎప్పుడూ అనలేదు.

ఆయనకు ఒక్కతే కూతురు. బాపట్లలోనే డిగ్రీ చదువుతుండేది. వానలు పడి నాట్లు జోరుగా సాగుతున్న రోజుల్లో ఒక సాయంత్రం, నేను కొట్లో ఉండగా, కాలేజీ నుంచి నేరుగా అక్కడికి వచ్చింది. అప్పటికి రెండు మూడు రోజులుగా జ్వరమట, పరీక్షలని వెళ్ళిందట. "నాన్నా, కళ్ళు తిరుగుతున్నాయి, ఇంటికెళ్దాం" అంది. మేం అప్పుడు రూపాయి దగ్గరో రెండు రూపాయల దగ్గరో పట్టుబట్టి ఉన్నాం. ఆయన కూతురి వైపు చూసి, "రెండు నిమిషాలమ్మా, ఈయన్ని ఓడించి వస్తా" అని నవ్వాడు. ఆ పిల్ల కూడా నవ్వింది. పైపుల కట్ట మీద కూర్చుంది. నేను ఎప్పటిలాగే సంచీ భుజాన వేసుకుని మెట్లు దిగాను, ఎప్పటిలాగే ఆయన వెనక్కి పిలిచాడు. బేరం తెగి, చేతులు కలుపుకుని చూస్తే పైపుల కట్ట మీద పిల్ల లేదు. ఆటో ఎక్కి ఇంటికి పోయిందని పక్క కొట్టువాడు చెప్పాడు.

ఆ రాత్రే గుంటూరు తీసుకెళ్ళారు. డెంగీ అన్నారు. మళ్ళీ ఇంటికి రాలేదు.

కొట్లో కూర్చున్న ఆ కాసేపటికీ ఆ చావుకూ ఏ సంబంధమూ లేదని డాక్టరు చెప్పాడు. చర్చి అయ్యగారు చెప్పారు, బంధువులు చెప్పారు, నేనూ చెప్పాను. ఆయన అందరికీ తలూపాడు. ఒక్కరి మాటా లోపలికి పోలేదు.

మరుసటి ఏడాది కూతురి జ్ఞాపకార్థ కూడికకు నన్ను పిలిచాడు. ప్రార్థన, పాటలు, తర్వాత భోజనాలు. అందరూ చేతులు కడుక్కుంటుంటే నన్ను వీధి వరండాలోకి తీసుకెళ్ళి గొంతు తగ్గించి చెప్పాడు. "తమ్ముడూ, ఏటా ఈ వారం నేను బేరమాడను. ఎవరు ఎంత చెప్తే అంత. దేవుడికి మాటిచ్చా. ఇంట్లో మీ వదినక్కూడా చెప్పలా. ఆ సాయంత్రం అమ్మాయి కొట్టుకొచ్చి కూర్చున్న సంగతే ఆవిడకి తెలీదు. నీకెందుకు చెప్తున్నానంటే, ఆ రోజు బేరం నీతోనే గదా."  ఆయన చెయ్యి పట్టుకున్నాను. అప్పుడే ఎవరో అప్పడాలు కావాలని కేకేస్తే ఆయన లోపలికి వెళ్ళాడు.

అప్పటి నుంచి ఆ వారం వస్తే నేను ముందు చెప్పే ఎక్కువ రేటు చెప్పేవాణ్ణి కాదు. బేరమాడితే ఎక్కడికి దిగుతానో అక్కడికే దిగి, ఆ ఆఖరి రేటే మొదటి మాటగా చెప్పేవాణ్ణి. ఆయన సరేననేవాడు. కొన్నాళ్ళకు ఫోన్లలో మెసేజులు వచ్చాక అది ఇంకా సులువైంది. నేను రేటు రాసి పంపేవాణ్ణి, "సరే తమ్ముడూ, పంపు" అని జవాబు వచ్చేది. మేమిద్దరం దీని గురించి మళ్ళీ ఎప్పుడూ మాట్లాడుకోలేదు. మిగతా ఏడాదంతా ఇనుమా, బంగారమా అని నన్ను ఏడిపించేవాడు. ఆ వారం మాత్రం మా మధ్య ఒక మాట తక్కువగా ఉండేది, అంతే.

మా పెద్దాయన, అంటే ఫౌండ్రీ ఓనరు, పోయాక వ్యాపారం ఆయన కూతురి చేతికి వచ్చింది. హైదరాబాదులో పెద్ద చదువు చదివి, ఉద్యోగం మానుకుని వచ్చింది. మంచి పిల్ల. ఈ మాట గట్టిగా చెప్పాలి, ఎందుకంటే వినేవాళ్ళు తప్పంతా ఆ పిల్ల మీదికి తోస్తారు. అప్పటికే రాజ్‌కోట్ నుంచి, కోయంబత్తూరు నుంచి ప్లాస్టిక్ వాల్వులు చవగ్గా దిగుతున్నాయి. కరెంటు బిల్లు చూస్తే కొలిమి వెలిగించాలంటే భయమేసేది. పోతపోసేవాళ్ళలో సగంమంది రొయ్యల ఫ్యాక్టరీల పనికి వెళ్ళిపోయారు. మిగిలినవాళ్ళ జీతాలు ఆపకుండా ఇవ్వాలని ఆ పిల్ల కిందా మీదా పడుతుండేది.

ఒక రోజు నన్ను గదిలోకి పిలిచి కుర్చీ చూపించింది. "బాబాయ్, మన బేరాలకి ఏఐ పెడదామనుకుంటున్నా. మెసేజుల్లో కస్టమర్లతో అదే మాట్లాడుతుంది. మీకీ తిరుగుడు తప్పుతుంది" అంది.

"నాకు తిరగడం కష్టమని ఎవరన్నారమ్మా?" అన్నాను.

"మీ ఉద్యోగానికేం కాదు బాబాయ్. ముందు దానికి మీరే నేర్పాలి. మీకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు."

పొగిడితే పడిపోయే వయసు కాదు నాది. అయినా పడిపోయాను. నెల రోజుల పాటు పొద్దున్నే ఆ గదిలో కూర్చుని కంప్యూటరుతో మాట్లాడాను. అది తెలుగు బాగానే మాట్లాడింది, నాకంటే మర్యాదగా కూడా. ఏ కొట్టాయన ఎట్లా బేరమాడతాడో అడిగేది. రేపల్లె ఆయన అరుస్తాడని, అరిచినంత మాత్రాన తగ్గనక్కర్లేదని చెప్పాను. కొల్లిపర వైపు వాళ్ళు రేటు కంటే అరువు గురించే ఎక్కువ పట్టుబడతారని చెప్పాను. బాపట్ల దగ్గరికి వచ్చేసరికి, "మంచి మనిషి, నెమ్మదిగా మాట్లాడాలి" అన్నాను.

"ఇంకేమన్నా ఉందా బాబాయ్?" అని అడిగింది అమ్మాయి.

"ఇంకేం లేదమ్మా" అన్నాను.

ఆ వారం సంగతి చెప్పలేదు. నోటిదాకా కూడా రాలేదు. అది నా సొమ్ము కాదు చెప్పడానికి.

నేర్పడం అయిపోయాక, నేను ఇన్నేళ్ళూ వాడిన కంపెనీ నంబరును దానికి ఇచ్చారు. పాత మెసేజులన్నీ అందులోనే ఉన్నాయి, ఉండనిమ్మన్నాను. రేట్లు, లారీ వివరాలు తప్ప వాటిలో ఏముంది అనుకున్నాను. ఎప్పుడో వాడరేవులో సముద్రం ముందు నిలబడి తీయించుకున్న నా ఫొటో కూడా ఆ నంబరుకు అట్లాగే ఉండిపోయింది. కొట్ల వాళ్ళకు ఈ సంగతి మెల్లగా చెబుదాం, ఒక్కసారి చెబితే బెదిరిపోతారు అంది అమ్మాయి. నాకూ అదే మంచిదనిపించింది. దాంతో చాలామంది నాతోనే మాట్లాడుతున్నామనుకున్నారు.

మొదట పసిగట్టింది రేపల్లె ఆయనే. ఒక మధ్యాహ్నం నా సొంత నంబరుకు ఫోను చేశాడు.

"ఏవండోయ్, ఒంట్లో బావుందా?"

"బానే ఉందండి. ఏం?"

"నాలుగు రోజుల్నుంచి మెసేజుల్లో తిట్టిపోస్తున్నా మిమ్మల్ని. ఒక్కసారి తిరిగి తిట్టరేంటి? మీ ఇబ్బంది అర్థం చేసుకోగలనండి అంటున్నారు. బీపీ మాత్రలేమన్నా మార్చారా?"

పగలబడి నవ్వాను. తర్వాత నిజం చెప్పేశాను.  "అయితే నేనింతసేపూ ఎవర్ని తిట్టినట్టండీ?" అన్నాడు. ఆ గొంతులో ఎగతాళి లేదు. నా నవ్వు కూడా ఆగిపోయింది.

ఉద్యోగానికేం కాలేదు, అమ్మాయి మాట నిలబెట్టుకుంది. జీతం వచ్చేది. పని మాత్రం పోయింది. పొద్దున్నే వెళ్ళి ప్యాకింగు దగ్గర కుర్చీలో కూర్చునేవాణ్ణి. వాల్వు పగిలిందనో, రేకు పట్టేసిందనో ఎవరైనా ఫిర్యాదు చేస్తే వెళ్ళి చూసి వచ్చేవాణ్ణి. రేపల్లె బండి కూత ఫౌండ్రీలోకి వినిపిస్తుంది. అది కూసినప్పుడల్లా అలవాటుగా సంచీ కోసం చెయ్యి వెళ్ళేది. ఇంటికొచ్చి ఊరికే చిరాకుపడేవాణ్ణి. కూరల బండి వాడితో వంకాయల దగ్గర గంట సేపు బేరమాడుతున్నానని మా ఆవిడ నన్ను బజారుకు పంపడం మానేసింది.

ఆ ఏడు వానలు ఆలస్యంగా వచ్చినా గట్టిగా వచ్చాయి. కూడిక సాయంత్రానికి బాపట్ల వెళ్దామని ఇస్త్రీ చొక్కా వేసుకుని ఫౌండ్రీకి వచ్చాను. మధ్యాహ్నం అమ్మాయి పిలిచింది. మొహం వెలిగిపోతోంది. ఆ నెలలో ఆ పిల్ల నవ్వగా చూడటం అదే మొదలు.

"బాబాయ్, మీ బాపట్ల అన్నగారు చూడండి! మొదటి మాటకే ఒప్పేసుకున్నారు. ఇంత రేటు మనకి ఎప్పుడూ రాలేదు."

ఫోను చేతిలోకి తీసుకుని చూశాను. నా ఫొటో. దాని కింద, ముందురోజు పంపిన మెసేజు. అన్నగారూ నమస్కారమండి అని మొదలుపెట్టి, అచ్చం నేను రాసినట్టే రాసి, నేను ఎన్నడూ ఎవరికీ చెప్పని రేటు చెప్పింది. దాని కింద ఆయన జవాబు. "సరే తమ్ముడూ, పంపు."

 "ఈ రేటు చెప్పమని దానికి ఎవరు చెప్పారమ్మా?" అని అడిగాను.

"ఎవరూ చెప్పలేదు. ఉండండి, అడుగుదాం" అని కంప్యూటరులో అడిగింది. జవాబు వెంటనే వచ్చింది. ఈ కస్టమరు చాలా ఏళ్ళుగా ప్రతి ఏటా ఈ వారంలో మొదట చెప్పిన రేటుకే ఒప్పుకుంటున్నారని, మిగతా రోజుల్లో అలా ఒప్పుకోవడం లేదని, కాబట్టి ఈ వారం రేటు పెంచడానికి వీలుందని రాసింది. చివర ధన్యవాదాలు కూడా చెప్పింది.

నేను దాచిన సంగతిని అది నా మెసేజుల్లోంచే ఏరుకుంది. ఆయన కోసం నేను ప్రతి ఏడూ తగ్గించి చెప్పిన రేట్లే దానికి దారి చూపించాయి.

అరిచాను. ఏమని అరిచానో గుర్తులేదు. పోత దగ్గరున్నవాళ్ళు పని ఆపి గుమ్మంలోకి వచ్చారు. అమ్మాయి బిత్తరపోయింది. "ఏమైంది బాబాయ్? ఆయన ఒప్పుకున్నారుగా. మనమేం బలవంతం చెయ్యలేదుగా" అంది. అదీ నిజమే. ఆ రేటు ఎందుకు తప్పో చెప్పాలంటే పైపుల కట్ట మీద కూర్చున్న పిల్ల గురించి చెప్పాలి. భార్యకే చెప్పుకోని సంగతి ఆయన నాకు చెప్పుకున్నాడు.  "పాత మనిషమ్మా. ఆ రేటు వెనక్కి తీసుకో" అని మాత్రం అన్నాను. అమ్మాయి నా మొహం చూసి, "సరే బాబాయ్, బిల్లు పాత రేటుకే వేద్దాం" అంది. కారణం అడగలేదు. చెప్పాను గదా, మంచి పిల్ల.

సాయంత్రం బండికి బాపట్ల వెళ్ళాను. దారి పొడుగునా కిటికీలోంచి జల్లు కొడుతూనే ఉంది. ఏం చెప్పాలో అనుకుంటూ వెళ్ళాను. ఉన్నదున్నట్టు చెబితే చాలు, ఆయన నన్ను నమ్మకపోతే ఇంకెవర్ని నమ్ముతాడు అనుకున్నాను. నాకు కావాల్సింది అదొక్కటే. ఆ వారంలో రేటు గురించి ఆయన రెండోసారి ఆలోచించే మనిషి కాదు. ఆ వారాన్ని నేను అమ్ముకున్నానని అనుకోకుండా ఉంటే చాలు.

వెళ్ళేసరికి అయ్యగారు ప్రార్థన ముగిస్తున్నారు. షామియానా మీంచి నీళ్ళు ధారలుగా కారుతున్నాయి. భోజనాలప్పుడు ఆయనే వచ్చి ఎప్పటిలాగే నా విస్తట్లో వడ్డించాడు. పెరుగు వేసుకోమన్నాడు. అందరూ వెళ్ళిపోయి, అద్దె కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేరుస్తుండగా, ఇద్దరం ఆ వరండాలోనే నిలబడ్డాం.

"అన్నగారూ, నిన్న మెసేజులో వచ్చిన రేటు..." అన్నాను.

"వదిలెయ్ తమ్ముడూ."

"అది నేను పెట్టింది కాదండి. కంపెనీలో ఏఐ అని పెట్టారు. నా నంబరు మీద ఇప్పుడు అదే మాట్లాడుతోంది."

"అట్టాగా" అన్నాడు. కాసేపు వాన వంక చూశాడు. "సరే, అదే అనుకుందాం. ఈ వారం సంగతి దానికెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదండి. పాత మెసేజులు చూసుకుని అదే కనిపెట్టింది."

నా మాట నా చెవికే అబద్ధంలా వినిపించింది. చిన్నపిల్లవాడు గిన్నె పగలగొట్టి పిల్లి మీద చెప్పినట్టుంది. ఇంకా ఏదో వివరించబోయాను. తగ్గించి చెప్పిన రేట్లు, మొదటి మాటకు ఒప్పుకోవడం, దాన్నిబట్టి లెక్క కట్టడం... వివరించేకొద్దీ అబద్ధం పెద్దదవుతున్నట్టే ఉంది. ఆయన మధ్యలో నా భుజం మీద చెయ్యి వేశాడు.

"తమ్ముడూ, నీ మీద నాకు కోపం లేదు. ఈ రోజుల్లో ఉద్యోగాలెట్టా ఉన్నాయో నాకు తెలీదా? ఓనరు కూర్చోబెట్టి అన్నీ చెప్పమంటే చెప్పక ఏం చేస్తావు? నీ పిల్లల చదువులు అవలా ఇంకా. నేను నిన్న ఆ మెసేజు చూసినప్పుడే క్షమించేశా. ఇందాక ప్రార్థనలో కూడా చెప్పుకున్నా."

బల్ల గుద్ది అరవగలిగేవాణ్ణి, రూపాయి కోసం. నువ్వు చెప్పావని ఆయన నన్ను నిలదీసినా అరిచేవాణ్ణి, ఒట్టు పెట్టేవాణ్ణి, కొట్లాడి అయినా నమ్మించేవాణ్ణి. క్షమించినవాడితో ఏమని కొట్లాడాలి? చెయ్యని తప్పుకు దొరికిన క్షమను నెత్తిన పెట్టుకుని అట్లాగే నిలబడ్డాను. తలకొట్టేసినట్టయింది. ఏడుపు కూడా వచ్చింది. ఆ ఏడుపు చూసి, ఒప్పుకున్నాననే అనుకుని ఉంటాడు.

"చెప్పలేదన్నగారూ" అన్నాను మళ్ళీ.

అంతలో వాళ్ళావిడ ఫలహారం పొట్లం పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది, మా ఇంటికి పంపడానికి. మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. "ఏంటండీ, ఇక్కడ నిలబడిపోయారు?" అంది.

"ఏం లేదు. ఏదో రేట్ల సంగతి" అన్నాడాయన.

"ఈ రోజు కూడా బేరాలేనా మీకు?" అంది ఆవిడ. నెమ్మదిగానే అంది. పొట్లం నా చేతిలో పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

మేమిద్దరం ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోలేదు. ఆవిడ అన్న మాటకు చెప్పాల్సిన జవాబు మా ఇద్దరి దగ్గరా ఉంది, ఇద్దరం నోరు విప్పలేం. "బండి టైమైంది గదండీ" అన్నాడాయన. నన్ను ఎప్పుడూ అండీ అనలేదు ఆయన. గొడుగు ఇవ్వబోతే వద్దని వానలోనే స్టేషనుకు నడిచాను.

పొద్దున్నే అమ్మాయితో, బాపట్ల ఆయన్ని ఆ మిషను లోంచి తీసెయ్యమని చెప్పాను. ఆయనతో నేనే మాట్లాడతానన్నాను. సరేనంది, ఆ పూటే తీసేసింది. బిల్లు పాత రేటుకు వెళ్ళింది. దాని గురించి ఆయన ఫోను చేయలేదు. చేస్తాడేమోనని చూశాను.

రెండో పంట దాళ్వా నాట్లప్పుడు మళ్ళీ వాల్వులకు గిరాకీ వచ్చింది. ఆ రోజుల్లోనే ఒకసారి బండిలో వేరే కంపెనీ మనిషి కలిశాడు, గుజరాత్ సరుకు తెచ్చి అమ్మేవాడు. బాపట్ల నుంచి వస్తున్నాడు. నన్ను చూడగానే తల పట్టుకున్నాడు. "మీ పైపుల కొట్టాయన ఉన్నాడే, ఏం మనిషండీ బాబూ! వాల్వు చెవి దగ్గర పెట్టుకుని ఇది ప్లాస్టిక్కా, వజ్రమా అంటాడు. రెండు టీలు తాగించి మరీ రూపాయి తగ్గించుకున్నాడు" అన్నాడు. నేనూ నవ్వాను. తెనాలి వచ్చేదాకా కిటికీ బయటికి చూస్తూ కూర్చున్నాను. ఆ మనిషి మీద నాకు కలిగినది అసూయే. ఈ వయసులో, రూపాయి పోగొట్టుకుని ఏడుస్తున్నవాణ్ణి చూసి అసూయ పడ్డాను.

మర్నాడు నా సొంత నంబరు నుంచి బాపట్లకు ఫోను చేశాను. సరుకు కావాలా అని అడిగాను. కావాలన్నాడు. "రేటెంతండీ?" అన్నాడు.

కావాలనే ఎక్కువ చెప్పాను. ఆ మిషను చెప్పినదాని కంటే కూడా ఎక్కువ. సిగ్గున్నవాడెవడూ చెప్పని రేటు. చెప్పి, ఫోను చెవికి గట్టిగా అదుముకున్నాను. ముందు చిన్న నవ్వు వస్తుంది, తర్వాత నిట్టూర్పు, తర్వాత ఇనుమా, బంగారమా అంటాడు. నేను అరవడానికి గొంతు సవరించుకుని సిద్ధంగా ఉన్నాను.

"అలాగేనండి. పంపించండి" అన్నాడు.

"అన్నగారూ, ఎక్కువ చెప్పానండి. మీరు తిడతారని కావాలనే చెప్పాను. తిట్టండి."

అవతల ఎవరో పైపు కొలుస్తున్నట్టున్నారు, నేల మీద ఈడ్చిన చప్పుడు వినిపించింది. ఆయన ఎవరికో ఏదో చెప్పి మళ్ళీ ఫోనులోకి వచ్చాడు.

"కొట్లో మనుషులున్నారండి. మీరు ఎంత బిల్లేస్తే అంత పంపించేస్తా. ఉంటానండి."

బిల్లు ఎప్పటి ఆఖరి రేటుకే వేయించాను. సరుకు చేరింది, డబ్బు వచ్చింది. ఆ తర్వాత కూడా ఆయన ప్రతి సీజనుకీ సరుకు తీసుకుంటూనే ఉన్నాడు. నేను ఫోను చేసి ఎంతో ఒకటి చెబుతాను, ఆయన అలాగేనంటాడు. లోకమంతటితో బేరమాడే మనిషికి, నాతో మాత్రం ఏడాది పొడుగునా ఆ వారమే.